బల్ల దగ్గర ఒకే గిన్నె, ఇంట్లో వేరే గ్లాసు

సంపాదకుల వారికి వందనాలు.

నేను సికింద్రాబాద్ మెట్టుగూడలో ఉంటాను. 34 ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను, మా ఆయన రైల్వేలో చేశారు, ఇప్పుడు కొడుకు, కోడలు, మనవరాలితో కలిసి ఉంటున్నాం. పుట్టినప్పటి నుంచి చర్చికి వెళ్తున్నదాన్ని, సండే స్కూల్లో పాఠాలు చెప్పినదాన్ని, స్త్రీల సమాజానికి కొన్నాళ్లు సెక్రటరీగా కూడా ఉన్నాను. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, రాయబోయే మాటలు బయట నిలబడి వేలెత్తి చూపిస్తున్న మనిషివి అనుకోకూడదని. మా సంఘం పేరు, మిషన్ పేరు రాయను. నేను చెప్పేది ఏ ఒక్క సంఘం సంగతో కాదు, ఈ ఊళ్లో నాకు తెలిసిన ప్రతి సంఘంలోనూ ఉన్నదే.

చర్చిలో చేసేదాన్ని ఇంటికి ఎలా తీసుకెళ్లాలో మాకు ఎవరూ నేర్పరన్నదే నా బాధ. ఒక గ్లాసుతో మొదలుపెడతాను. మా వంటింటి కిటికీ గట్టు మీద ఒక స్టీలు గ్లాసు ఉండేది. అంచు దగ్గర చిన్న సొట్ట. మిగతా గ్లాసుల్లో కలిసిపోకుండా అడుగున ఎర్ర నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టాను, నేనే పెట్టాను. ఇంట్లో పనికి వచ్చే ఆమెకి టీ అందులో పోసేదాన్ని, తాగాక ఆమే కడిగి మళ్లీ అక్కడే బోర్లించేది. తొమ్మిదేళ్లు అలాగే జరిగింది. అది తప్పని నాకు ఒక్క రోజు కూడా అనిపించలేదు, ఎందుకంటే మా అమ్మ ఇంట్లో అంతే, అత్తగారింట్లో అంతే, మా అపార్ట్‌మెంట్‌లో నాకు తెలిసిన ఇళ్లన్నిటిలోనూ అంతే.

ఆమె అడ్డగుట్ట నుంచి వస్తుంది. ఒక సోమవారం పొద్దున అంట్లు తోముతూ మాటల మధ్యలో చెప్పింది, "నిన్న మా చర్చిల బల్ల ఉండె అమ్మా, అందుకే సాయంత్రం రాలేకపోయిన" అని. ఆమె బాప్తిస్మం తీసుకున్న సంగతే నాకు తెలియదు. తొమ్మిదేళ్లలో నేను అడిగింది లేదు. బల్ల అంటే ప్రభువు పేరున రొట్టె, ద్రాక్షారసం అందరం పంచుకునే ఆరాధన. ఆ ముందు రోజు నేనూ మా చర్చిలో బల్ల తీసుకున్నాను. ఒకే రొట్టె, ఒకే గిన్నె, మనమందరం ఒకే శరీరం అని అయ్యగారు, అంటే మా పాస్టర్, చెప్తుంటే అందరితోపాటు ఆమేన్ అన్నాను. తెల్లారేసరికి ఎర్ర చుక్క గ్లాసులో టీ పోసి ఆమె చేతికిచ్చాను. ఇచ్చాక గుండెల్లో కలుక్కుమంది.

మర్నాడు మా ఆయనకి పోసే లాంటి గ్లాసులోనే ఆమెకీ పోశాను. ఆమె గ్లాసు వైపు చూసింది, నా వైపు చూసింది, ఏమీ అనకుండా తాగి కడిగింది, మళ్లీ సబ్బు రాసి ఇంకోసారి కడిగింది. ఆ రెండోసారి కడగడం చూశాక తెలిసింది, మా ఇళ్లల్లో మేము ఆమె చేతులకి ఏం నేర్పామో. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి, ఆమె క్రైస్తవురాలు కాకపోయినా నేను చేసింది తప్పే. లేకపోతే మన విశ్వాసులకే మంచి గ్లాసు అన్నట్టు అవుతుంది.

నేను ఎన్ని ప్రసంగాలు విని ఉంటాను? ఏడాదికి 52 ఆదివారాలు, పైగా ఉపవాస కూడికలు, ఉజ్జీవ సభలు, గృహ కూడికలు, ఇప్పుడు ఫోన్లో వచ్చేవి వేరే. నీ పొరుగువానిని ప్రేమించుము అనే మాట వేలసార్లు చెవిన పడింది. మీ ఇంట్లో పనిమనిషి ఏ గ్లాసులో తాగుతుంది అని మాత్రం ఒక్కరూ అడగలేదు. అడగలేదని పాస్టర్లను నిందించడం లేదు, నేనూ సండే స్కూల్లో పిల్లలని అడగలేదు. ఆరాధన ఎలా చేయాలో మా సంఘాలు బాగానే నేర్పుతాయి, ఎప్పుడు నిలబడాలి, ఎప్పుడు మోకరించాలి, ఏ కీర్తన ఏ రాగంలో పాడాలి అన్నీ నేర్పుతాయి. దాన్ని ఇంటికి ఎలా తీసుకెళ్లాలో నేర్పే సమయం మాత్రం ఏ ఆరాధన క్రమంలోనూ ఉండదు. నేను అడుగుతున్నది అదొక్కటే.

ఇది కొత్తగా పట్టుకున్న జబ్బు కూడా కాదు. బైబిల్లో, కొరింథు ఊరి సంఘానికి అపొస్తలుడైన పౌలు రాసిన మొదటి పత్రిక, అంటే మొదటి ఉత్తరం, 11వ అధ్యాయం తీసి చూడండి. అక్కడ కొందరు ముందే కడుపునిండా తిని, తాగి మత్తులో ఉంటే లేనివాళ్లు ఆకలితో కూర్చున్నారు, మీరు కూడివచ్చి తినేది ప్రభువు భోజనమే కాదు పొమ్మని పౌలు కడిగేశాడు. మేము బల్ల ఆదివారం నాడు ఆ అధ్యాయాన్నే చదువుతాం, కానీ 23వ వచనం నుంచి మొదలుపెడతాం, ప్రభువు రొట్టెను ఎత్తుకొని అనే భాగం నుంచి. దానికి ముందున్న ఆరు వచనాల్లోనే ఈ తిట్లన్నీ ఉన్నాయి. నా జీవితంలో అవి బల్ల దగ్గర చదవగా వినలేదు. 17వ వచనం నుంచి చదవమని పాస్టర్లందరికీ నా మనవి, ఒక్క నిమిషం కూడా ఎక్కువ పట్టదు.

మన ఊరికి ఈ సంగతి తెలియనిది కూడా కాదు. గోల్కొండ క్రాస్ రోడ్స్ దగ్గర సువార్తికులు భక్తసింగ్ గారు మొదలుపెట్టిన హెబ్రోను అనే ప్రార్థనా మందిరంలో ప్రేమ విందు అని చేసేవారు, ఆఫీసరైనా కూలీ అయినా చాపల మీద ఒకే వరుసలో కూర్చుని ఒకే భోజనం తినేవారు. మా ఇంట్లో మెథడిస్టులూ ఉన్నారు, బాప్టిస్టులూ ఉన్నారు, ఆ కూడికలకి వెళ్లొచ్చిన పెద్దవాళ్లు ప్రసంగం కన్నా ఆ బంతి గురించే ఎక్కువ చెప్పేవాళ్లు.

ఇప్పుడు మా సంఘంలో జరిగిన ఒక ఆదివారం గురించి చెప్తాను, ఈ ఉత్తరం రాయాలనిపించింది దాని వల్లే.

ఆరాధనలో సమాధానం ఇచ్చుకోవడం అని ఒకటి ఉంటుంది, ఇక్కడ సమాధానం అంటే జవాబు కాదు, శాంతి. క్రైస్తవులు కానివాళ్ల కోసం కొంచెం వివరంగా చెప్తాను. చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఏర్పడింది, వేర్వేరు మిషన్ల వాళ్లు కలిసి ఒకే సంఘమయ్యారు. 1950లో వాళ్లు కొత్త ఆరాధన క్రమం తయారుచేసుకున్నప్పుడు, కేరళలోని సిరియన్ క్రైస్తవుల్లో తరతరాలుగా ఉన్న పద్ధతిని అందులో పెట్టారు. బల్ల తీసుకునే ముందు ఒకరి కుడి అరచేతికి ఇంకొకరి కుడి అరచెయ్యి ఆనించి, ఎవరి ఎడమ చేతిని వాళ్లు అవతలివాళ్ల కుడిచేతి మీద మూయాలి. పాస్టర్ దగ్గర మొదలై, పక్కనున్న సేవకుల ద్వారా వరుస చివర కూర్చున్నవాళ్లకి, అక్కడి నుంచి వరుసంతా అందుకుంటూ పోతుంది. దక్షిణ భారతంలో మొదలైన ఈ పని చూసి ఇతర దేశాల సంఘాలు కూడా తమ ఆరాధనల్లో సమాధానాన్ని తిరిగి తెచ్చుకున్నాయి. ఎంత గొప్ప విషయం! మా దగ్గర మాత్రం అది షేక్ హ్యాండ్ అయిపోయింది. పక్కవాళ్లకి ఓ నవ్వు, వెనకవాళ్లకి ఓ నమస్కారం, కమిటీ ఎలక్షన్ల దగ్గర మాటామాటా అనుకున్న రెండు కుటుంబాలైతే సరిగ్గా ఆ సమయానికి అటొకరు ఇటొకరు తిరిగి నిలబడేవాళ్లు. నాలుగేళ్లుగా అందరం చూస్తూనే ఉన్నాం.

అప్పట్లో మా సంఘానికి వచ్చిన అయ్యగారు చిన్న వయసువారు. లెంటు కాలం, అంటే ఈస్టర్‌కి ముందు వచ్చే ఉపవాస దినాలు, మార్చి మొదటి ఆదివారం. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి ఉంది, రొట్టె, ద్రాక్షారసం సిద్ధంగా ఉన్నాయి. సమాధానం ఇచ్చుకునే చోటికి వచ్చేసరికి ఆయన ఆగి, మత్తయి సువార్త 5వ అధ్యాయంలో అర్పణను బలిపీఠం ముందు విడిచిపెట్టి మొదట వెళ్లి నీ సహోదరునితో సమాధానపడమన్న మాట చదివి, "ఈ రోజు సమాధానం ఇక్కడ ఇచ్చుకోవద్దు. ఎవరికి ఇవ్వాలో వాళ్లు ఈ హాల్లో లేరు, ఉన్నా మీ పక్క వరుసలో లేరు. వారం రోజులు టైం ఉంది, వెళ్లి ఇచ్చి రండి. బల్ల వచ్చే ఆదివారం పెడతాను" అన్నారు. తెల్లగుడ్డ కూడా తీయలేదు, అలాగే ఉంచి ఆశీర్వాదం చెప్పి పంపేశారు.

ఎంత గొడవైందో చెప్పలేను. బల్ల ఆపే అధికారం నీకెవరిచ్చారని పెద్దలు అడిగారు, ఊళ్ల నుంచి వచ్చినవాళ్లున్నారన్నారు, పై వాళ్లకి రిపోర్టు పెడతామన్నారు. ఉపవాసముండి వచ్చిన ఒక ముసలామె కళ్లనీళ్లు పెట్టుకుంటే అయ్యగారు ఆమె ఇంటికి ఆ మధ్యాహ్నమే వెళ్లి బల్ల ఇచ్చారు. నాకు మాత్రం ఆయన మీద కోపం రాలేదు, భయం వేసింది, ఎందుకంటే నేనెవరి దగ్గరికి వెళ్లాలో నాకు ఆ హాల్లో కూర్చున్నప్పుడే తెలిసిపోయింది.

మా తమ్ముడు ఉప్పల్‌లో ఉంటాడు. అమ్మ పోయాక నాన్న కొన్న ఇంటి దగ్గర మాకు మాట తేడా వచ్చింది. ఎవరిది తప్పంటే ఇప్పటికీ నేను వాడిదే అంటాను, వాడు నాదే అంటాడు. అయిదేళ్లు మాటల్లేవు, మేనకోడలి నిశ్చితార్థానికి కూడా నేను పోలేదు. మెట్టుగూడలో మెట్రో ఎక్కితే తార్నాక, హబ్సిగూడ, ఎన్‌జీఆర్‌ఐ, స్టేడియం, ఆ తర్వాత ఉప్పలే. గురువారం సాయంత్రం వెళ్లాను. ఏం మాట్లాడాలో దారంతా అనుకుంటూ పోయాను, తీరా తలుపు తీశాక ఒక్కటీ గుర్తు రాలేదు. వాడు ఒక్క క్షణం అలా నిలబడి, లోపలికి తిరిగి మా మరదలితో "అక్క వచ్చింది, టీ పెట్టు" అన్నాడు. అంతే. కూర్చున్నాం, షుగరు గురించి, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. బయల్దేరేటప్పుడు చర్చిలో ఇచ్చుకున్నట్టే వాడి చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాను. వాడికి అర్థమైంది, చిన్నప్పుడు ఇద్దరం ఒకే వరుసలో కూర్చున్నవాళ్లమే కదా. ఇంటి పత్రాల గొడవ ఈ రోజుకీ తేలలేదు. కానీ ఫోన్ చేస్తే ఎత్తుతాడు, నేనూ ఎత్తుతాను.

తర్వాతి ఆదివారం బల్లకి అందరూ వచ్చారు, ఏదో అద్భుతం జరిగిపోయింది అని రాస్తే అబద్ధమవుతుంది. ఎలక్షన్ గొడవ కుటుంబాల్లో ఒకరు సభ్యత్వం మార్చుకుని వేరే సంఘానికి వెళ్లిపోయారు. ఇంకొకరు వచ్చి కూర్చున్నారు గానీ బల్లకి లేవలేదు, అది కూడా నిజాయితీయే అని నా ఉద్దేశం. కొందరు ఎక్కడికీ వెళ్లకుండానే వచ్చి తీసుకున్నారు. ఒకాయన ఎనిమిది నెలలుగా కిరాణా కొట్టులో ఉన్న 2,300 రూపాయల బాకీ కట్టేసి వచ్చారు, కొట్టాయన ఆశ్చర్యపోయి మీకేం పండగ ఇప్పుడు అని అడిగాడట. ఆ ఒక్క వారం మా సంఘంలో మేము చర్చి గురించి చర్చి బయట మాట్లాడుకున్నాం.

నాకు అప్పుడు అర్థమైంది ఏమిటంటే, మా పాస్టర్లు చెవికి చెప్పేది ఎక్కువ, చేతికి పని చెప్పేది తక్కువ. ఆరాధనలో మన చేతులు చాలా పనులే చేస్తాయి, కానుక వేస్తాయి, రొట్టె అందుకుంటాయి, సమాధానం ఇస్తాయి. ఆ పనుల్లో ప్రతి దానికీ ఇంట్లో ఒక పని ఉండాలి, ఆ పని ఏమిటో సంఘం చెప్పాలి, చేసి చూపించాలి. దోర్నకల్ బిషప్ అజరయ్య గారు, 1912లో భారతీయుల్లో మొట్టమొదటి ఆంగ్లికన్ బిషప్‌గా అభిషేకం పొందినవారు, బాప్తిస్మం తీసుకున్న పల్లెవాళ్ల చేత తల మీద వాళ్ల చేతులే పెట్టించి, నేను బాప్తిస్మం పొందినవాణ్ని, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ, అంటే నాకు కీడు, అని పలికించేవారు. చదువు రాని మనుషులు చాలామంది. నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పిన మాట మర్చిపోరని ఆయనకి తెలుసు.

మా నాయనమ్మకి కూడా చదువు రాదు. ఆమెది మెదక్ వైపు పల్లె. పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం కొలిచిన ప్రతిసారీ, అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న డబ్బాలో వేసేది. పండగైనా అంతే, ఇంట్లో బియ్యం అడుగంటినా అంతే. ఆదివారం ఆ డబ్బా చర్చికి తీసుకెళ్లి సంచిలో పోసేది, ఆ బియ్యం విధవరాళ్లకీ, పాస్టర్ గారి ఇంటికీ పోయేవి. మిజోరం సంఘాల్లో ఆడవాళ్లు ఇదే పనిని వందేళ్లకి పైగా చేస్తున్నారు, ఆ పిడికెడు బియ్యం అమ్మిన డబ్బుతోనే అక్కడ సువార్త పని చాలా నడుస్తుంది. మా నాయనమ్మకి మిజోరం ఎక్కడుందో తెలియదు గానీ, మెదక్ చర్చి కథ తెలుసు. మిషనరీ పోస్నెట్ దొరగారు కరువు రోజుల్లో జనానికి పని ఇచ్చి, అన్నం పెట్టి ఆ చర్చి కట్టించారనీ, వాళ్ల నాన్న కూడా అక్కడ రాళ్లు మోశాడనీ చెప్పేది. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ చేశారు, మొన్న 2024కి నూరేళ్లు నిండాయి. ఆ నూరేళ్ల పండగకి మేమూ వెళ్లాం. అంత పెద్ద గోపురం కింద నిలబడి ఉంటే నాకు నాయనమ్మ డబ్బానే గుర్తొచ్చింది.

ఇప్పుడు కానుకలు ఫోన్‌పేలో వేస్తున్నాం. తప్పు లేదు, లెక్క కూడా పక్కాగా ఉంటుంది. కానీ రోజుకి రెండుసార్లు, వండేముందు ఇంకొకరి ఆకలి గుర్తు చేసే పని చేతికి లేకుండా పోయింది. అందుకని మా స్త్రీల సమాజంలో 14 ఇళ్లవాళ్లం మళ్లీ మొదలుపెట్టాం. నెలకి దాదాపు 40 కిలోలు వస్తున్నాయి. గవర్నమెంటు ఆస్పత్రుల బయట ఫుట్‌పాత్ మీద పడుకునే వాళ్లని మీరు చూసే ఉంటారు, లోపల పేషెంటు ఉంటాడు, బయట పేషెంటు భార్యో, తల్లో ఉంటారు, జిల్లాల నుంచి వచ్చినవాళ్లు. డ్యూటీ దిగి వాళ్ల మధ్య నుంచే నడుచుకుంటూ 34 ఏళ్లు బస్టాపుకి వెళ్లాను. నెలకి రెండు శనివారాలు ఆ బియ్యం వండి, పప్పు, ఆవకాయ పట్టుకెళ్తున్నాం. నా కొడుకు మొదట్లో, ఇంత కష్టం ఎందుకమ్మా, డబ్బులు వేస్తే హోటల్ వాళ్లే పంపిస్తారు కదా అన్నాడు. వాడిప్పుడు కారు తీస్తున్నాడు. మా ఇంట్లో పిడికెడు తీసే పని మనవరాలిది. దాని పిడికిలి చిన్నది, అందుకని ఆ సొట్ట గ్లాసు బియ్యం డబ్బాలో వేశాను, దాంతో కొలుస్తుంది. అడుగున ఎర్ర చుక్క ఎందుకుంది నానమ్మా అని అడిగింది, ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

సాక్ష్యాల సంగతి కూడా చెప్పాలి. ప్రతి ఆదివారం సాక్ష్యాలు చెప్పేవాళ్లుంటారు. వీసా వచ్చింది, స్తోత్రం. ప్లాటు రిజిస్ట్రేషన్ అయ్యింది, స్తోత్రం. స్కాన్‌లో గడ్డ లేదన్నారు, స్తోత్రం. ఇవన్నీ చెప్పుకోవలసినవే, నర్సుగా నేను ఆ గడ్డ టెన్షన్ ఎంతదో దగ్గరగా చూశాను. కానీ నేను మా తోడికోడలికి సారీ చెప్పాను అనే సాక్ష్యం ఎందుకు వినపడదు? ఆఫీసులో తప్పుడు బిల్లు మీద సంతకం పెట్టమంటే పెట్టలేదు, దానికి ట్రాన్స్‌ఫర్ చేశారు అనే సాక్ష్యం ఎందుకు రాదు? ఉంటాయి, అలాంటివాళ్లు మా మధ్యే ఉన్నారు, నాకు ఇద్దరు తెలుసు. వాళ్లకి మైకు ఇవ్వరు, ఎందుకంటే వాళ్ల కథలో చివర ఆశీర్వాదం రాలేదు, కష్టమే వచ్చింది. వాళ్లు మాట్లాడితే మా యువకులకి ఎంత ధైర్యంగా ఉంటుందో ఆలోచించండి.

ఇంకో సంగతి. మా సంఘంలోనే ఏడుగురు అబ్బాయిలు ఫుడ్ డెలివరీ చేస్తారు. ఆదివారం మన ఆరాధన ముగిసే వేళకే హైదరాబాద్‌లో బిర్యానీ ఆర్డర్లు మొదలవుతాయి, వారం మొత్తంలో వాళ్లకి నాలుగు డబ్బులు వచ్చే రోజు అదే. చర్చికి రావట్లేదని వాళ్ల తల్లులని సతాయించడమే గానీ, వాళ్లకి ఏ టైములో వీలవుతుందని ఎవరూ అడగలేదు. అడిగితే తెలిసింది, మధ్యాహ్నం మూడున్నర నుంచి అయిదు దాకా ఆర్డర్లు తక్కువ. అయ్యగారు మంగళవారం మూడున్నరకి చర్చి గేటు తీయించి అరగంట ప్రార్థన పెట్టారు. ప్రార్థన కన్నా ముందు వాళ్లు అడిగింది మంచినీళ్లు, ఫోన్ ఛార్జింగ్, టాయిలెట్. రోడ్ల మీద తిరిగేవాళ్లకి ఈ ఊళ్లో అవి దొరకడం ఎంత కష్టమో మాకు తెలియదు. ఇప్పుడు మిగతా రోజుల్లో కూడా ఆ టైముకి గేటు తీస్తున్నాం, క్రైస్తవులు కాని అబ్బాయిలు కూడా బైకు ఆపి వస్తారు, కాసేపు చెట్టు కింద కూర్చుని పోతారు. వారంలో ఆరు రోజులు తాళం వేసి ఉండే ఆవరణ అది. సికింద్రాబాద్‌లో ఇంత ఖాళీ స్థలం, చెట్ల నీడ ఎవరికుందండి, చర్చిలకి తప్ప?

పాస్టర్లు ఇళ్లకి వస్తారు, గృహప్రవేశానికి వస్తారు, బర్త్‌డే కృతజ్ఞత కూడికకి వస్తారు. మనుషులు పని చేసే చోటికి కూడా రావాలి. మోండా మార్కెట్‌లో కూరగాయలమ్మే మా సంఘస్థురాలి బండి దగ్గర అయ్యగారు ఒకసారి గంటసేపు నిలబడ్డారు. ఆ తర్వాతి ఆదివారం ప్రసంగంలో తక్కెడ గురించి చెప్పినప్పుడు, ఆ మాటకి ఇంతకు ముందు లేని బరువు వచ్చింది.

కుటుంబ ప్రార్థన గురించి క్లుప్తంగా చెప్తాను. పిల్లలు రావట్లేదని అందరూ బాధపడతారు, పెద్దలం ముప్పావు గంట చేస్తే ఎవరొస్తారు? మా ఇంట్లో భోజనాల బల్ల దగ్గరే, కంచాలు తీయకముందే బైబిల్లోని కీర్తనల గ్రంథం నుంచి రోజుకొక కీర్తన చదువుతున్నాం. మొత్తం 150, అందులో 119వ కీర్తనకి 176 వచనాలున్నాయి, కాకపోతే అది ఎనిమిదేసి వచనాలుగా 22 భాగాలై ఉంది, అలాగే విడదీసి చదివితే అన్నీ కలిపి దాదాపు ఆరు నెలలు. చదివాక ఒక్కొక్కరం ఒక పేరు చెప్పాలి, రేపు ఎవరికి ఫోన్ చేస్తాం, ఎవరిని చూడ్డానికి వెళ్తాం అని. మర్నాడు రాత్రి చేశావా అని అడిగేది మనవరాలు. దానికి మొహమాటం తెలియదు.

ఇక మా పొరుగువాళ్ల తరఫున ఒక మాట. ఒక ఆదివారం మా కార్లు చర్చి పక్కింటి గేటుకి అడ్డంగా ఆగి ఉన్నాయి, ఆ ఇంట్లో పెద్దాయన్ని డయాలసిస్‌కి తీసుకెళ్లాలి. ఆయన కొడుకు వచ్చి గేటు దగ్గర నిలబడి ఉంటే లోపల మేము కళ్లు మూసుకుని రోగుల కోసం ప్రార్థన చేస్తున్నాం. కారు ఎవరిదో కనుక్కోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అప్పటి నుంచి యువకులు వంతులవారీగా బయట నిలబడి పార్కింగ్ చూస్తున్నారు, అది కూడా ఆరాధనలో భాగమేనని వాళ్ల పేర్లు బులెటిన్‌లో పాటలు పాడేవాళ్ల పేర్ల పక్కనే వేయించాం. మైకుల సంగతీ అంతే. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్ స్పీకర్లు వాడకూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల్లోనే ఉంది, పక్కింట్లో పరీక్షకి చదువుకునే పిల్ల ఉన్నప్పుడు మనకి ఆ నిబంధన గుర్తు చేయాల్సిన అవసరమే రాకూడదు.

పోయిన మే నెలలో మా అయ్యగారికి బదిలీ అయింది. కొత్తగా వచ్చినవారు మంచివారే, ఇంకా అందరి ఇళ్లూ తెలుసుకుంటున్నారు. ఏడాదికి ఒక్కసారైనా, లెంటులో, బల్లని ఒక వారం వెనక్కి జరిపి జనాన్ని సమాధానపడి రమ్మని పంపే పద్ధతి కొనసాగించాలని, బల్ల ఆదివారం 17వ వచనం నుంచి చదవాలని, నెలకొకసారి పని చేసే చోటు గురించిన సాక్ష్యానికి సమయం ఇవ్వాలని మా స్త్రీల సమాజం కమిటీకి లెటర్ ఇచ్చింది. 31 మంది సంతకాలు పెట్టారు. జవాబు ఇంకా రాలేదు, వచ్చే మీటింగ్‌లో అజెండాలో పెడతామన్నారు. మీ పాఠకుల్లో చాలామంది ఇలాంటి సంఘాల్లో సభ్యులుగా, పెద్దలుగా, పాస్టర్లుగా ఉంటారు. మీ దగ్గర ఇలాంటి పని ఏదైనా జరిగి ఉంటే, ఎలా చేశారో, ఎక్కడ ఇబ్బంది పడ్డారో ఈ పత్రికకే రాయండి. మీటింగ్‌కి ఇంకా మూడు వారాలుంది, కటింగులు తీసుకెళ్లి కమిటీ ముందు పెడతాం.

ఇట్లు,
ఒక సంఘ సభ్యురాలు,
మెట్టుగూడ, సికింద్రాబాద్